కోసేసిన పేరా

ఉద్యోగం నుంచి దిగిపోయినవాళ్ళు పాత సంగతులు చెబితే అన్నింట్లో తామే గెలిచినట్టు ఉంటుంది. నేను చెప్పబోయేదాంట్లో నేను చేసిందల్లా, నోరు మూసుకుని కూర్చోమన్న చోట కోపం ఆపుకోలేక నోరు తెరవడం. నా దగ్గర చదువుకుని ఇప్పుడు తామే ఇంగ్లీషు పాఠాలు చెబుతున్న పిల్లలు కొందరు ఈ మధ్య మా ఇంటికి వచ్చారు. కంప్యూటర్ రాసిపెట్టే వ్యాసాలతో వేగలేకపోతున్నామని, ఏది పిల్లలు రాసిందో ఏది యంత్రం రాసిందో ఎలా పట్టుకోవాలని అడిగారు. పట్టుకునే ఉపాయం నాకు తెలియదు. కానీ నేను రిటైరయ్యే ముందు ఒక పిల్ల ఇందులోనే ఇరుక్కుని బయటపడింది. వాళ్ళకు ఆ సంగతే చెప్పాను. మీకూ చెబుతాను.

భిలాయిలో పదకొండో తరగతికి వచ్చిన పిల్లలు లెక్కలు తీసుకుంటారు. తీసుకోమని చట్టం ఏమీ లేదు గానీ, తీసుకోకపోతే ఇరుగుపొరుగు వచ్చి పరామర్శిస్తారు. అలాంటి ఊళ్ళో నేను చెప్పింది ఇంగ్లీషు ఎలెక్టివ్. అందరికీ ఉండే మామూలు ఇంగ్లీషు కాక, సాహిత్యం, వ్యాసరచన ఇంకాస్త లోతుగా చదవాలనుకునే పెద్ద తరగతుల పిల్లలకు అదొక ప్రత్యేకమైన పేపరు. చదవాలనుకునే పిల్లలు అన్నాను గానీ, వచ్చేవాళ్ళలో సగం మంది లెక్కలు వదిలేసి దిక్కుతోచక వచ్చినవాళ్ళే. మా వైస్ ప్రిన్సిపాల్ లెక్కల మాస్టారు. మా నాన్నలాగే ఆయన తండ్రి కూడా ఇక్కడి ఉక్కు ప్లాంటు కడుతున్న రోజుల్లో విజయనగరం వైపు నుంచి వచ్చినవాడు. అందుకని నన్ను ఆటపట్టించే హక్కు తనకుందని ఆయన నమ్మకం.

"ఏటి మేడం, మీ క్లాసు ఆస్పత్రిలాగ తయారవుతంది. లెక్కల్లో దెబ్బ తగిలిన ప్రతివోడూ మీకాడికే వస్తన్నాడు," అనేవారు స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతూ.

"కొట్టేది మీరే కదండీ మాస్టారూ. కట్టు కట్టడమే మా పని," అనేదాన్ని.

సోమవారం నుంచి శుక్రవారం దాకా పాఠాలు, పద్యాలు, నాటకాలు. శనివారం మాత్రం వ్యాసం. దానికి నా దగ్గర ఒక మొండి పద్ధతి ఉండేది. వారం మొదట్లో విషయం ఇస్తాను. పిల్లలు రెండు పేజీలు రాసుకుని శనివారం తెస్తారు. ఆ గంటలో వాళ్ళు చేయాల్సింది రాయడం కాదు, కొట్టేయడం. పైకి చదువుకుంటూ, అబద్ధమనిపించింది, గొప్ప కోసం పెట్టింది, ఎక్కడో విన్నది తీసేస్తూ పోవాలి. రెండు పేజీలు ఒక పేజీ అయ్యేవరకూ ఎవరూ కదలకూడదు. పిల్లలు దానికి 'కోత' అని పేరు పెట్టారు. "ఈవాళ కోత ఉందిరా" అని ఏడుపు ముఖాలతో వచ్చేవాళ్ళు. కోత అయ్యాక చిత్తు కాయితాలన్నీ వరండాలోని చెత్తబుట్టలోకి పోయేవి. ఫైలులోకి వెళ్ళేది శుభ్రంగా తిరగరాసిన ఒక్క పేజీ మాత్రమే.

నేను చెబుతున్న పిల్లది క్యాంప్ 1 బస్తీ. వాళ్ళ నాన్న ప్లాంటులో కాంట్రాక్టు మనిషి, వ్యాగన్లలో వచ్చే ఇనుప ఖనిజం దింపించే చోట పని. ఇంట్లో శ్రీకాకుళం తెలుగు, వీధిలో హిందీ. ఇంగ్లీషు మాత్రం కాయితం మీదే. రాస్తే ఎక్కడా ఒక మాట ఎక్కువ ఉండదు, తక్కువ ఉండదు. నిలబెట్టి మాట్లాడమంటే మాత్రం చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నేల చూసేది.

"ఇంగ్లీష్‌లో అడిగితే నా ముంహ్ బంద్ అయిపోద్ది మేడం," అంది ఒకసారి నాతో. "లోపల ఉంటాది. బయటికి రాదు."

"రాకపోతే పోనీ. రాయి," అన్నాను. మాట్లాడటం తర్వాత వస్తుందిలే అనుకున్నాను.

లెక్కలు వదిలి నా తరగతికి రావడం వాళ్ళ నాన్నకు ఇష్టం లేదు. తల్లి పట్టుబట్టింది. చివరికి ఇంట్లో ఒక ఒప్పందం కుదిరింది. పన్నెండో తరగతి మంచి మార్కులతో గట్టెక్కితే రాయపూర్‌లో కాలేజీ. ఎక్కడ తేడా వచ్చినా, సుపేలా బజారులో తెలిసినవాళ్ళ బట్టల కొట్టులో బిల్లులు కొట్టే పని ఆయన ముందే మాట్లాడి ఉంచాడు. తర్వాత చదువు మాట ఎత్తకూడదు. బిల్లులు కొట్టడం తక్కువ పనేమీ కాదు. ఆ పిల్లకు అక్కర్లేని పని, అంతే.

పన్నెండో తరగతి చివర్లో ప్రాజెక్టు ఉంటుంది. సొంతంగా ఒక వ్యాసం రాసి, మా తరగతిలోనైతే దానికీ కోత అయ్యాక, ఫైలులో పెట్టాలి. బయటి బడి నుంచి పరీక్షకురాలు వచ్చి, దాని మీద ప్రశ్నలడిగి మార్కులు వేస్తారు. ఈ పిల్ల రాసింది వాళ్ళింట్లో నాన్న బట్టలకు విడిగా ఉండే బకెట్టు గురించి. ఖనిజం దుమ్ము ఎర్రగా ఉంటుంది. ఆ బట్టలు మిగతావాటితో కలిపితే అన్నీ ఎర్రబడతాయి. అందుకని ఆయన గుమ్మం బయటే చొక్కా విప్పి బకెట్లో వేసి, కాళ్ళూ చేతులూ కడుక్కుని లోపలికి వస్తాడు. వ్యాసం మొత్తం ఆ గుమ్మం దగ్గరే జరుగుతుంది. "మా నాన్న 'ఎ' షిఫ్ట్ అయ్యాక ఇంటికి వస్తాడు, కానీ వెంటనే లోపలికి రాడు" అని మొదలుపెట్టింది. మా ఊరి పిల్లలు గడియారం కంటే ముందు ప్లాంటు ఎ, బి, సి షిఫ్టులు నేర్చుకుంటారు. ఆ రోజు ఇంటికి వెళ్ళే ముందు ఆ వ్యాసం మూడుసార్లు చదివాను. అంత బాగుంది.

ఆ ఏడాదే మా విభాగంలో ఒక కుర్ర మాస్టారు చేరాడు. భోపాల్ అబ్బాయి, చురుకైనవాడు, మంచివాడు. పిల్లలు కంప్యూటర్ చేత వ్యాసాలు రాయించుకుంటున్నారని ఆయనకు బెంగ. మనిషి రాసిందో యంత్రం రాసిందో చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటి సంపాదించి, ఫైళ్ళన్నీ దాంట్లో వేసి చూశాడు. మధ్యాహ్నం లాప్‌టాప్ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. మేం మాట్లాడుకున్నది హిందీలో.

"మేడం, మీరు కోప్పడకండి," అన్నాడు ముందే.

అలా మొదలుపెడితే నాకు కోపం రాకుండా ఎలా ఉంటుంది? తెర మీద ఆ పిల్ల వ్యాసం పై నుంచి కింద దాకా ఎర్రగా ఉంది. యంత్రమే రాసిందట. అదే తరగతిలో ఒక ఘనుడు ఉండేవాడు. ఫోనులో వ్యాసం రాయించి, అనుమానం రాకుండా అక్కడక్కడా స్పెల్లింగులు తనే చెడగొట్టేవాడు. వాడి వ్యాసం పచ్చగా మెరిసిపోతోంది.

"వీడిది మనిషి రాసిందా?" అన్నాను.

"సాఫ్ట్‌వేర్ అలా అంటోంది మేడం. ఆ అమ్మాయి క్లాసులో ఒక్క వాక్యం ఇంగ్లీషులో మాట్లాడగా నేను వినలేదు. ఇంత శుభ్రంగా ఎలా రాస్తుంది? చిత్తు ప్రతి ఉంటే చూపించమనండి."

చిత్తు ప్రతి చెత్తబుట్టలోకి పోయి నెల దాటింది. దాన్ని శుభ్రం చేసింది శనివారం కోతేనని చెప్పాను. ఆయన మర్యాదగా తల ఊపాడు గానీ నమ్మలేదు. నన్ను అనుమానించలేదు, అది చెప్పాలి. పిల్ల నన్ను మోసం చేసిందనుకుని నా మీద జాలిపడ్డాడు. దానికి ఇంకా ఒళ్ళు మండింది.

విషయం వైస్ ప్రిన్సిపాల్ దాకా వెళ్ళింది. ఆయన మామూలు వేళాకోళం పక్కన పెట్టి, ఇద్దరి మాటా విన్నారు. అనుమానం రాతలో పడింది కాబట్టి కప్పిపుచ్చలేమనీ, వచ్చే పరీక్షకురాలే ఆ పిల్లను ప్రశ్నించి తేల్చాలనీ అన్నారు. రాసింది తను కాదని తేలితే ప్రాజెక్టు రద్దు, దాంతో సబ్జెక్టు పోతుంది, ఏడాది పోతుంది. నేను ఆ గదిలో ఉండవచ్చు, కానీ మాట్లాడకూడదు. పైగా ఇంగ్లీషు పరీక్ష కాబట్టి అడగడం, చెప్పడం అన్నీ ఇంగ్లీషులోనే. ఆ చివరి మాటకు నేను అడ్డుపడ్డాను.

"మాస్టారూ, అది ఇంగ్లీషులో నోరు విప్పదండీ. మీకు తెలుసు కదా," అన్నాను.

"తెలుసు మేడం. రూలు నేను పెట్టింది కాదు కదా. ఏటి సెయ్యమంటారు?" అన్నారు, ఆయన కూడా దిగులుగానే.

పరీక్ష ముందు రోజు సాయంత్రం సెక్టర్ 6లో మా క్వార్టరుకి ఆ పిల్ల తల్లి వచ్చింది. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుంది.

"అమ్మగోరూ, మా గుంట ఎవులిదో సూసి రాసేసిందంటన్నారు. నిజమేటి?"

"కాదమ్మా. అదే రాసింది. నాకు తెలుసు."

"మీకు తెలిస్తే మరి సెప్పెయ్యొచ్చు కదా?"

"నన్ను మాట్లాడొద్దన్నారు."

ఆవిడ కుర్చీలోంచి లేచింది. "సదువుకున్నోళ్ళ యవ్వారం నాకర్తం కాదమ్మా. తెలిసినోళ్ళని నోరు మూసుకోమంటారు, తెలీనోళ్ళు తీర్పు సెప్తారు," అంది. "వాళ్ళ నాయినకి ఇంకా సెప్పలేదు. సెప్తే రేపటేల నుంచే కొట్టుకి ఎల్లమంటాడు."

నేను ధైర్యం చెప్పి పంపించాను. నాకు లేని ధైర్యం ఆవిడకు చెప్పాను.

మర్నాడు వైస్ ప్రిన్సిపాల్ గదిలో బల్లకు అటువైపు పరీక్షకురాలు కూర్చున్నారు. రాయపూర్ నుంచి వచ్చారు. నెమ్మదిగా మాట్లాడే మనిషి. నెమ్మదిగా మాట్లాడే పరీక్షకులంటే నాకు మొదటి నుంచీ భయం. పక్కన కుర్ర మాస్టారు, ఆయన లాప్‌టాప్. ఇటు వైస్ ప్రిన్సిపాల్. మూలన కుర్చీలో నేను. పిల్ల నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

ఇది నువ్వే రాశావా అని ఇంగ్లీషులో అడిగారు పరీక్షకురాలు. యెస్ మేడం. ఎవరైనా సాయం చేశారా? నో మేడం. బకెట్టుతో ఎందుకు ముగించావు? పిల్ల నేల చూసింది. మీ నాన్న పని గురించి రెండు మాటలు చెప్పు. పిల్ల పెదాలు కదిలాయి. "ఓర్, మేడం," అంది. ఖనిజం అని. అంతే. చున్నీ కొస వేలికి చుట్టుకోవడం మొదలైంది. పరీక్షకురాలు ఓపికగా మరో రెండు ప్రశ్నలు అడిగారు. ఆవిడ నిట్టూర్చి, పెన్ను మూత తీశారు.

అప్పుడే నా నోరు నా చేతిలో లేకుండా పోయింది.

"ఏటే, అలగ బొమ్మలాగ నిలబడిపోయినావు! కోత రోజు అంతంత కోసి పారేసినావు కదే! ఏటి కోసినావో అదైనా చెప్పవే!"

నలభై ఏళ్ళుగా తరగతిలో దాచుకున్న మా నాన్న ఇంటి భాష మొత్తం ఆ కోపంలో బయటికొచ్చేసింది. పరీక్షకురాలికి తెలుగు రాదు. పెన్ను పక్కన పెట్టి నా వైపు తిరిగారు.

"మీరిప్పుడు జవాబు అందించారా?" అని అడిగారు. గొంతు పెంచలేదు. కొంప మునిగిందనుకున్నాను. ఆ పిల్లకు మిగిలిన ఒక్క దారీ నేనే మూసేశాననిపించింది.

వైస్ ప్రిన్సిపాల్ గొంతు సవరించుకున్నారు. నేనన్నదాన్ని బొమ్మతో సహా, మాట పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పారు. పరీక్షకురాలు కనుబొమలు ఎగరేసి, కోత ఏమిటని అడిగారు. నా తరగతిని ఆస్పత్రి అని వెక్కిరించే ఆ పెద్దమనిషి అప్పుడు కోత గురించి మొత్తం వివరించారు. రెండు పేజీలు ఎలా తెస్తారో, ఒక పేజీ ఎలా మిగులుతుందో చెప్పారు. తన లెక్కల గది బయటున్న చెత్తబుట్ట శనివారం శనివారం నిండిపోతుందని, అప్పుడప్పుడు అందులోంచి కాయితాలు తీసి చదువుతానని కూడా చెప్పారు. ఆ సంగతి నాకే తెలియదు.

పరీక్షకురాలు ఫైలు మూశారు. పిల్ల వైపు తిరిగి హిందీలో అన్నారు. "నువ్వు తీసేసిందేమిటో చెప్పు బేటా. హిందీలో చెప్పు. తెలుగులో చెప్పినా సరే, సార్ ఉన్నారు."

చున్నీ కొస వేలి మీంచి జారింది.

"చాలా తీసేశాను మేడం," అంది హిందీలో. మొదట నాన్న లోపలికి రాగానే అమ్మ ఆయన చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నట్టు రాసిందట. పైకి చదివితే సిగ్గేసింది. వాళ్ళింట్లో అలాంటివి ఎవరూ చేయరు. నాన్న లోపలికి రాగానే కూర ఏమిటని అడుగుతాడు, అంతే. అందుకని అది కొట్టేసి కూర సంగతి రాసింది. తర్వాత కూర కూడా కొట్టేసింది.

"ఇంకా?"

"ఒక పెద్ద పేరా ఉండేది మేడం. అమ్మ చీర గురించి."

వాళ్ళ అమ్మకు గంధం రంగు చీర ఒకటి ఉండేది. చుట్టాల పెళ్ళికి కట్టుకుందామని ఉతకడానికి తీసి పెట్టుకుంది. ఈ పిల్ల చూసుకోకుండా దాన్ని నాన్న బకెట్లో పడేసింది. తెల్లారేసరికి చీర మొత్తం ఇటుక రంగు. పెళ్ళికి వేరే చీర లేదు. అమ్మ దాన్నే ఆరేసి, ఇస్త్రీ చేయించి, కట్టుకుని వెళ్ళింది. పెళ్ళిలో ఆడవాళ్ళందరూ ఆ రంగు ఎంత బాగుందో, సుపేలాలో ఏ కొట్టులో కొన్నదో చెప్పమని వెంటపడ్డారు. అమ్మ నవ్వకుండా, ఆ కొట్టు ఎత్తేశారని చెప్పింది.

ఇది చెబుతూ చెబుతూ పిల్ల ఎక్కడో ఇంగ్లీషులోకి జారిపోయింది. తనకు తెలియలేదు. కొట్టేసిన పేరాను మొదటి నుంచి చివరిదాకా, తను రాసిన మాటల్లోనే, గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. పరీక్షకురాలు నవ్వేశారు. వైస్ ప్రిన్సిపాల్ అంతకుముందే నవ్వుతున్నారు.

"ఇంత మంచి పేరా ఎందుకు తీసేశావు?" అన్నారు ఆవిడ.

"మంచిదనే తీసేశాను మేడం. అది ఉంటే అందరూ చీరనే చూస్తారు. నాన్న గుమ్మం దగ్గర నిలబడే ఉంటాడు, ఆయన్ని ఎవరూ చూడరు." కొంచెం ఆగి, మళ్ళీ హిందీలో అంది. "ఇంకోటి ఏంటంటే, ఫైళ్ళు పేరెంట్స్ మీటింగ్‌లో చూపించి, ఏం రాశామో చెబుతారు. చీర బకెట్లో వేసింది నేనని అమ్మకు తెలియదు."

కుర్ర మాస్టారు లాప్‌టాప్ మూసేశాడు. ఎవరూ అడగకుండానే లేచి, ఆ పిల్లతో, "నేను పొరబడ్డాను, సారీ," అన్నాడు. అంత మంది ముందు అలా చెప్పగలిగే మాస్టర్లను నేను ఎక్కువ మందిని చూడలేదు. పరీక్షకురాలు మార్కులు వేసి సంతకం పెట్టారు. ఎన్నో నేను అడగలేదు. వెళ్ళే ముందు పిల్ల భుజం తట్టి, "కాలేజీలో కాస్త మాట్లాడటం నేర్చుకో. ఎప్పుడూ మీ మేడం అరవాలంటే కుదరదు," అన్నారు.

వాళ్ళు వెళ్ళాక నేను ఆవిడ కోసం పెట్టిన మంచినీళ్ళ గ్లాసు ఎత్తి మొత్తం తాగేశాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంత హాయిగా ఊపిరి పీల్చుకున్న రోజు మరొకటి గుర్తులేదు.

"మేడం," అన్నారు వైస్ ప్రిన్సిపాల్, "ఈసారి కోపం వస్తే హిందీలో తిట్టండి. మన తిట్లు ఇంగ్లీషులో చెప్పేసరికి నా పని అయిపోనాది."

పిల్లా నేనూ వెళ్ళేసరికి గేటు బయట ఆ తల్లి ఎండలోనే నిలబడి ఉంది. మమ్మల్ని చూసి ఎదురొచ్చింది. కళ్ళతోనే అడిగింది.

"ఏమీ లేదమ్మా. రాసింది నీ కూతురేనని ఒప్పేసుకున్నారు. పాసైంది," అన్నాను.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తేరుకుని, "ఎలగ ఒప్పుకున్నారమ్మా?" అంది.

పిల్ల నా వైపు చూసింది. నువ్వే చెప్పుకోమన్నట్టు నేను రోడ్డు వైపు తిరిగాను.

"అమ్మా, నీ గంధం రంగు చీర ఉండేది కదా. పెళ్ళికి కట్టినావు సూడు. అది నాన్న బకెట్లో ఏసింది నానే. సూసుకోలేదు."

గేటు ముందే ఒక దెబ్బ పడుతుందేమోనని నేను గబుక్కున తిరిగి చూశాను.

"నువ్వా ఏసినావు?"

"హా."

"నానే ఏసేసి మర్సిపోనాననుకున్నాను కదే!" అంది ఆవిడ. "మా యమ్మకి మతిమరుపు అలగే మొదలైనాది. వంకాయలు తీసికెళ్ళి బీరువాలో ఎట్టీది. ఆకరికి నన్నే ఎవులే నువ్వు అనీసింది. నాకూ అదే వచ్చీసిందని ఇన్నాళ్ళ బట్టీ కుమిలిపోతన్నాను. మీ నాయినకి కూడా సెప్పలేదు."

పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. తల్లి దాని వీపు మీద ఒకటి వేసి, ఆ చేత్తోనే దగ్గరికి లాక్కుంది. నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పడం కష్టం. నాకూ కళ్ళు తడిసిపోయాయి, ఎందుకు దాచుకోవాలి.

కాసేపటికి ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని నా వైపు చూసింది.

"అమ్మగోరూ, ఇదొకర్తే పాసైందన్నారు కదా," అంది. "నానూ పాసైపోనానమ్మా."